అరువు నడక

దగ్గరకు జరగండమ్మా. వెనక కూర్చున్నవాళ్ళు కూడా కాస్త ముందుకు రండి, ఈ వారం సంగతి గొంతు పెంచి చెప్పేది కాదు. చేతిలో పని ఉంటే ఆపక్కరలేదు. నేను విన్న కథలన్నీ చేతిలో పని పెట్టుకుని విన్నవే.

పోయినవారం ఎక్కడ ఆపానో మరచిపోయినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. వారపత్రిక అచ్చయ్యే ఒక ప్రెస్సులో, బైండింగు గదిలో, ఫారాలు, అంటే అచ్చయిన పెద్ద కాగితాలు, మడిచే పని నాది. ఇంట్లో నేనూ, మా అన్నయ్యా. అన్నయ్య లేతు మిషను మీద మేస్త్రి. అంతకు నాలుగేళ్ళ ముందు మెదడు జ్వరం వచ్చి ఇరవై రోజులు ఆసుపత్రిలో పడుకుని లేచాడు. లేచినవాడికి మాట లేదు, మనుషుల ఆనవాలు లేదు. ఎడమకాలు ఈడ్చుకుంటూ నడిచేవాడు. ఆకలేస్తే గొంతులోంచి ఒక మూలుగు, అంతే.

ఆ రోజుల్లో మా పత్రికలో 'ఎలుగు' అని ఒక సీరియల్ వచ్చేది. అడవి గార్డు ఒకడు కట్టెల దొంగను పట్టుకుని, చెట్టుకు కట్టి, గుక్కెడు నీళ్ళైనా ఇవ్వకుండా చంపేస్తాడు. ఆనాటి నుంచి వారానికొకటి చొప్పున వాడి మనిషితనం రాలిపోతూ ఉంటుంది. ఒక వారం సిగ్గు పోయింది. ఒక వారం మాట పోయింది. ఒక వారం కన్నకూతురి పేరు పోయింది. పద్నాలుగో వారానికి వాడు ఎలుగుబంటే. మా వీధివాళ్ళు మా అన్నయ్యను చూసి, అచ్చం ఆ గార్డే అన్నారు. ఏం పాపం చేసి ఇలా అయ్యాడో అన్నారు. ఎవరో రాయి విసిరితే అన్నయ్య కనుబొమ్మ చిట్లింది. మేడమీద ఉండే మా ఇల్లుగలావిడ, మేమంతా ఇంటిపిన్ని అనేవాళ్ళం, ఆదివారంలోగా అతన్ని పిచ్చాసుపత్రిలోనైనా చేర్చు, గదైనా ఖాళీ చెయ్యి అని తేల్చి చెప్పేసింది.

శనివారం పొద్దున్నే నేను ఆ రచయిత అడ్రసు కనుక్కుని వెళ్ళి తలుపు కొట్టాను. నిలదీసి కడిగెయ్యాలని. తలుపు తెరుచుకుంది. అక్కడే కదా ఆపింది.

తలుపు తీసిన మనిషికి మీసాలు లేవు. పత్రికలో వేసే పేరు మగపేరు. ఆ పేరును బట్టి నేను ఒక బొమ్మ కట్టుకున్నాను, గుబురు మీసాలు, ఎర్రటి కళ్ళు, నోట్లో చుట్ట. ఎదురుగా నిలబడ్డది యాభై దాటిన ఆడమనిషి. మోకాలికి గుడ్డపట్టీ, వేళ్ళకు సిరా మరకలు.

"రచయితగారున్నారా?" అన్నాను.

"చెప్పు."

"ఆయనతోనే మాట్లాడాలి."

"ఆయన నేనే. లోపలికి రా. నీ మొహం చూస్తుంటే తిట్టడానికి వచ్చినట్టున్నావు. గుమ్మంలో నిలబడి తిడితే పక్కింటివాళ్ళు కూడా వింటారు, వాళ్ళకి నా మీద ఇప్పటికే మంచి అభిప్రాయం లేదు."

నిజం చెబుతున్నాను, దారి పొడుగునా పేర్చుకున్న తిట్లు సగం అక్కడే జారిపోయాయి. మీసాల కోసం తయారుచేసుకున్న తిట్లు మోకాలిపట్టీ మీద ఎలా వాడతాం?

ఆవిడ బడిలో సైన్సు చెప్పే టీచరు. బల్ల నిండా పిల్లల పరీక్ష కాగితాలు. ఆ కాగితాల వెనకవైపు ఖాళీలోనే సీరియల్ రాసేది. నేను కూర్చోలేదు. నిలబడే మొదలుపెట్టాను.

"అమ్మా, మీరు మా అన్నయ్యను ఎక్కడ చూశారు?"

"మీ అన్నయ్య ఎవరు?"

"తెలియనట్టు అడక్కండి. మా అన్నయ్యను చూడకుండా ఆ గార్డును అలా ఎలా రాశారు? ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదా? నోరు లేని మనిషి కదా, అడగడనా?"

ఆవిడ కుర్చీ నా వైపు జరిపింది. "నాకు అర్థం కాలేదు. మొదటినుంచి చెప్పు. ఎక్కడ చదివావు? ఏ వాక్యం?"

చదవడమా. నా చదువు మూడో క్లాసు. అక్షరం మీద వేలు పెట్టి కూడబలుక్కుంటే ఒక పేజీకి పూట గడుస్తుంది. మా బైండింగు గదిలో మంగళవారం నాడు ఫారాలు దిగేవి. పెద్ద కాగితం, మడవకముందు పేజీలు వరసలో ఉండవు. ఒకటో పేజీ పక్కన ఎనిమిది, వాటి నెత్తిమీద నాలుగూ అయిదూ తలకిందులుగా. మాలో కళ్ళజోడక్క అని ఒకావిడ ఉండేది, ఆ కాగితాన్ని గిరగిరా తిప్పుతూ సీరియల్ పైకి చదివేది. మేం మడుస్తూ వినేవాళ్ళం. ఒకసారి వింటే నాకు పోదు. అందుకే అందరూ నన్ను గ్రామఫోను అనేవారు. ఆ సాయంత్రమే మా వీధి కొళాయి దగ్గర, బిందెలు వరసలో ఉండగా, నేను ఆ భాగమంతా చెప్పేదాన్ని. పత్రిక అంగళ్ళలోకి వచ్చేది శుక్రవారం. మా వీధిలో ఒక్కరూ కొనేవారు కాదు. ఎందుకు కొంటారు, నేనుండగా.

ఇదంతా, అన్నయ్య జబ్బు, వీధిలో తగిలిన రాయితో సహా ఆవిడకు చెప్పి, "కావాలంటే మీ పన్నెండో భాగం మొత్తం అప్పజెబుతాను, వినండి" అన్నాను.

"చెప్పు" అంది.

మొదలుపెట్టాను. గార్డు నిద్ర లేవడం, గోడమీద అద్దం చూసి భయపడటం, భార్య తలుపు గడియ వేసుకోవడం. ఆవిడ కళ్ళు మూసుకుని వింటోంది, పెదవులు నాతోపాటు కదులుతున్నాయి. కాసేపటికి నవ్వింది కూడా. "కామాలతో సహా చెబుతున్నావే" అంది. నేను ఆ పొగడ్తకు పడలేదు. చెబుతూనే ఉన్నాను.

"గార్డు మెట్లు దిగాడు. ఎడమకాలు వెనక ఈడ్చుకుంటూ, కుడి భుజం ముందుకు తోసుకుంటూ, తల ఊపుకుంటూ, గొంతులో మూలుగు పెట్టుకుని వాగు వైపు నడిచాడు..."

"ఆగు" అంది టీచరమ్మ. కళ్ళు తెరిచింది. "మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాను.

"అది నేను రాయలేదు."

"రాయకపోతే నాకెలా తెలుస్తుందమ్మా?"

ఆవిడ మోకాలు పట్టుకుని లేచింది, అలమరలోంచి ఆ వారం సంచిక తీసి, పేజీ విప్పి నా ముందు పెట్టింది. "వేలు పెట్టి చదువు. తొందరేం లేదు."

చదివాను. గార్డు. మెట్లు. దిగి. వాగు. వైపు. నడిచాడు.

అంతే. తరవాతి వాక్యంలో వాగు ఉంది, రాళ్ళున్నాయి, చేపలున్నాయి. కాలు లేదు. భుజం లేదు. మూలుగు లేదు. పేజీ తిప్పాను. వెనక్కి తిప్పాను. ముందు వారం చూశాను, తరవాతి వారం చూశాను. గంట పట్టి ఉంటుంది. ఆవిడ నా పక్కన టీ పెట్టింది, అది చల్లారిపోయింది.

ఎలా జరిగిందో అప్పుడు గుర్తుకొచ్చింది. నా జ్ఞాపకం నన్ను కూడా వదలదు కదా. ఆ మంగళవారం కొళాయి దగ్గర నేను ఈ భాగం చెబుతుంటే ఇంటిపిన్ని అడిగింది, "ఎలా నడిచాడే వాడు?" అని. అంతమంది నా వైపే చూస్తున్నారు. బిందె నిండి పొర్లుతున్నా ఎవరూ కొళాయి కట్టడం లేదు. నాకు అంతకుముందు అంత గొప్ప ఎప్పుడూ దక్కలేదు. నేను లేచి నడిచి చూపించాను. నాకు తెలిసిన ఎలుగు నడక ఏది? రోజూ పొద్దున్నా సాయంత్రం నా కళ్ళముందు తిరిగేది. ఎడమకాలు ఈడ్చాను. భుజం తోశాను. మూలిగాను. అందరూ పడీపడీ నవ్వారు, ఒకావిడైతే కడుపు పట్టుకుని మెట్టుమీద కూలబడిపోయింది. ఆ వారం నుంచి అడిగి మరీ నడిపించేవారు.

అప్పుడు మా గుమ్మంలో అన్నయ్య కూర్చుని ఉన్నాడు. చూస్తూనే ఉన్నాడు.

ఆ బల్ల దగ్గర నేను కూర్చున్నానో పడ్డానో తెలియదు. "రాయి నేనే వేశానమ్మా" అన్నాను.

ఇక్కడ ఆవిడ స్థానంలో ఇంకెవరైనా ఉంటే ఏం చేసేవారో ఆలోచించండి. తప్పు నాది కాదని తేలింది కదా, ఇక వెళ్ళిరా అనేవారు. అనే హక్కు కూడా ఉంది. ఆవిడ అనలేదు. ఇన్నేళ్ళు గడిచాయి, ఇప్పటికీ ఆ మనిషి గుర్తొస్తే నా ఒళ్ళంతా వెచ్చబడుతుంది. ఆవిడ చల్లారిన టీ తీసుకెళ్ళి వేడి చేసి తెచ్చి నా చేతిలో పెట్టి, "నువ్వు ఎందుకు నడవాల్సి వచ్చిందో తెలుసా?" అంది.

"గొప్ప కోసం."

"అదొకటి. ఇంకోటుంది. నేను ఖాళీ వదిలేశాను. పద్నాలుగు వారాలు వాడినుంచి ఒక్కొక్కటీ తీసేస్తూ వచ్చాను. సిగ్గు తీశాను, మాట తీశాను, కూతురు పేరు తీశాను. తీసేశాక ఏం మిగిలిందో చూడలేదు. చూడటం నాకు రాదు. నేను వదిలిన ఖాళీలో నువ్వు మీ అన్నయ్యను కూర్చోబెట్టావు. ఇంకో ఊళ్ళో ఇంకొకరు ఇంకెవరినో కూర్చోబెట్టి ఉంటారు."

బల్లమీద పదిహేనో భాగం ఉంది. సాయంత్రానికి ప్రెస్సుకు చేరాలి. అందులో ఊరు ఊరంతా కాగడాలు పట్టుకుని ఎలుగును వాగు ఒడ్డున చుట్టుముడుతుంది.

"నిప్పు పెడతారా?" అన్నాను.

"పెడతారు."

"అయితే మా వీధివాళ్ళు కూడా పెడతారమ్మా. రేపటికి మా అన్నయ్యను పంపించెయ్యమంటున్నారు. ఇది మంగళవారం కళ్ళజోడక్క చదువుతుంది. నేను నోరు మూసుకున్నా శుక్రవారం ఎవరో ఒకరు కొనుక్కొస్తారు."

"వాడు ఒక మనిషికి నీళ్ళివ్వకుండా చంపాడు. వాడికి శిక్ష వద్దంటావా?" ఆవిడ నిజంగానే అడిగింది, వాదించడానికి కాదు.

"వాణ్ణి వదిలెయ్యమని ఎవరన్నారు? చంపినవాడు చంపినవాడే. కానీ మీరు వాడికి వేసిన వేషమంతా జబ్బుమనుషులది. మాట పోవడం, పేరు మరచిపోవడం, పళ్ళెంలో మొహం పెట్టి తినడం. పాపానికి జబ్బు బట్టలు తొడిగితే, జబ్బుమనిషి వీధిలోకి వచ్చినప్పుడు జనానికి ఏం కనిపిస్తుంది?"

ఇంత మాట నా నోట ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఆవిడ చేతిలో కలం పట్టుకుని ఆ భాగం కాగితాలు ముందుకు లాక్కుంది.

"మీ అన్నయ్యలో ఏం మిగిలింది?" అంది.

అన్నయ్యకు నా పేరు తెలియదు. నేను చెల్లెలినని తెలియదు. పండు ఇస్తే తొక్కతో తినేస్తాడు. ఏం మిగిలిందని చెప్పను?

అప్పుడు నా చేతిలో ఉన్న టీ గ్లాసు చూశాను.

"గ్లాసు అంచు తడిమి చూస్తాడు" అన్నాను. "లేతు మీద తీసిన ప్రతి ముక్కా బొటనవేలితో చుట్టూ తడిమేవాడు, ఎక్కడైనా గరుకుంటే ఆకురాయి పట్టేవాడు. ఇంకొకరి చెయ్యి కోసుకుంటుందని. ఇప్పటికీ అంతే. నేను నీళ్ళు తాగుదామని గ్లాసు తీస్తే నా చేతిలోంచి లాక్కుంటాడు. అంచు చుట్టూ బొటనవేలు తిప్పుతాడు. బాగుంటే తిరిగి ఇస్తాడు. ఒక గ్లాసు అంచు చిట్లింది, దాన్ని ఎన్నిసార్లు తీసినా నాకివ్వడు, మంచం కింద దాచేస్తాడు. నేనేమో, మొండిఘటం, నీళ్ళు కూడా తాగనివ్వడు అని విసుక్కునేదాన్ని."

చెబుతుంటే నాకే అర్థమైంది. నాలుగేళ్ళనుంచి నాకు దెబ్బ తగలకుండా చూస్తున్న మనిషి నా పేరు తెలియనివాడు.

టీచరమ్మ కలం మూత పెట్టేసింది. "ఇది నేను రాసుకోవచ్చా?" అంది.

"నన్నడిగితే ఎలాగమ్మా? నేను ఒకసారి అడక్కుండా తీసుకున్నందుకే ఇంత జరిగింది. ఆయన్నే అడగండి."

"ఆయనకు అర్థమవుతుందా?"

"అయినా అడగండి."

ఆవిడ నవ్వలేదు. చెప్పులు వేసుకుంది.

బస్సు దిగి, మోకాలిపట్టీతో ఆవిడ మా వీధి చివరనుంచి నడిచేసరికి మధ్యాహ్నం మూడైంది. అన్నయ్య గుమ్మంలోనే ఉన్నాడు, కనుబొమ్మ మీద కట్టుతో. ఆవిడ కుర్చీ వద్దంది. కిందనే, ఆయనకు కాస్త దూరంగా, కాలు చాపుకుని కూర్చుంది. కూర్చోవడానికే రెండు నిమిషాలు పట్టింది. అన్నయ్య ఆ మోకాలి వంక చూశాడు.

"బాబూ, నేను కథలు రాస్తాను" అంది, పెద్దమనిషితో మాట్లాడినట్టే. "ఒక కథలో తప్పు చేశాను. దిద్దుకోవడానికి మీ అలవాటొకటి కావాలి. మీ పేరు రాయను, మీ నడక రాయను. గ్లాసు అంచు తడిమే అలవాటు ఒక్కటే. మీకు ఇష్టం లేకపోతే తీసుకోను."

అన్నయ్య ఏమంటాడు? ఆవిడ మాత్రం వెంటనే లేవలేదు, జవాబు వస్తుందన్నట్టు అలాగే కూర్చుంది. మెట్లమీద ఇంటిపిన్ని బకెట్టు పట్టుకుని నిలబడిపోయింది. నేను లోపలికెళ్ళి ఆవిడకు మంచినీళ్ళు తెచ్చాను. ఆవిడ చెయ్యి చాపిందో లేదో, అన్నయ్య మధ్యలో గ్లాసు లాక్కున్నాడు. సగం నీళ్ళు ఆవిడ ఒడిలో పడ్డాయి.

"అన్నయ్యా" అని నేను ముందుకు వెళ్ళబోతే ఆవిడ చేత్తో వారించింది.

బొటనవేలు అంచు మీద పెట్టాడు. మెల్లగా ఒక చుట్టు తిప్పాడు. ఒకచోట ఆగాడు, మళ్ళీ వెనక్కి తడిమాడు. రెండో చుట్టు తిప్పాడు. అప్పుడు గ్లాసును, అంచుకు తన వేళ్ళు తగలకుండా అడుగున పట్టుకుని, ఆవిడకు అందించాడు.

ఆవిడ మిగిలిన నీళ్ళు చివరిచుక్క వరకూ తాగింది. "చాలా మంచిది బాబూ" అంది. గోడ ఆసరాతో లేచి, "సాయంత్రానికి భాగం ఇవ్వాలి, కాగడాలు తీసెయ్యాలి" అని నాతో చెప్పి బస్సు వైపు వెళ్ళిపోయింది.

ఇంటిపిన్ని బకెట్టు ఇంకా చేతిలోనే ఉంది.

నాలుగింటికి కొళాయి వచ్చింది. బిందెలు వరసలో పెట్టారు. నేనూ బిందె తీసుకుని వెళ్ళాను. నన్ను చూడగానే ఎవరో, "ఏం గ్రామఫోనూ, ఎలుగును ఏం చేస్తారంట? ఏదీ, ఒకసారి నడు" అన్నారు.

"ఇక నడవను" అన్నాను. "ఆ నడక కథలోది కాదు. పత్రికలో లేదు, నేను వేలు పెట్టి చదివి వచ్చాను. అది మా అన్నయ్యది. మీరు నవ్వుతారని నేను అరువు తెచ్చుకున్నాను. ఆయన గార్డు కాదు, ఎవరికీ నీళ్ళు లేవన్నవాడు కాదు. పాపం ఏదైనా ఉంటే నాది. రాయి వెయ్యాలంటే నా మీద వెయ్యండి."

ఒకావిడ తల దించుకుంది. ఇంకొకావిడ తన బిందె పక్కకు జరిపి, నా బిందెను కొళాయి కింద పెట్టింది, వరస నాది కాకపోయినా. ఆ తల్లి ఎక్కడుందో, చల్లగా ఉండాలి. అది చాలు అనుకున్నాను నేను. రేపు గది ఖాళీ చెయ్యమన్నా సరే, ఈ ఒక్క బిందె గుర్తుపెట్టుకుని వెళతాననుకున్నాను.

అప్పుడు ఇంటిపిన్ని మెట్లు దిగి వచ్చింది. జనం దారి ఇచ్చారు. ఆవిడ బకెట్టు నా కాళ్ళ దగ్గర పెట్టింది. మొహం ఎప్పుడూ చూడని రంగులో ఉంది.

"రేపటి మాట పక్కన పెట్టవే" అంది. "రాయి ఎవరు వేశారో నాకు తెలుసు. చెబితే మీ అన్నయ్య కాదు, నేను ఈ వీధి వదిలి పోవాలి."

ఆవిడ ఆ తరవాత చెప్పిన పేరు చెప్పడానికి నాకు ఇంకో వారం ధైర్యం కూడగట్టుకోవాలి, కోప్పడకండి. ఈలోగా ఇవాళ విన్నది గుర్తుంచుకోండి, వినని నలుగురికి చెప్పండి. టీచరమ్మ మోకాలు చెప్పండి, వరస వదులుకున్న ఆవిడ బిందె చెప్పండి, బొటనవేలు గ్లాసు అంచు చుట్టూ ఎన్ని చుట్లు తిరిగిందో తప్పకుండా చెప్పండి. ఆయన ఎలా నడిచేవాడని ఎవరైనా అడిగితే మాత్రం, కథ చెప్పినావిడ నడిచి చూపించలేదు అనండి.